శనివారానికి బొమ్మ

యాభై దాటాక ఒక బొమ్మకు నడక నేర్పబోయి, మనిషి ఎట్లా నడుస్తాడో నాకే తెలియదని తెలుసుకున్నాను. మీరు నవ్వుకోవచ్చు. ఇప్పుడు మీ ఫోన్లలోనే కార్టూన్లు తయారవుతున్నాయట, ఫలానాది కావాలని చెబితే చాలు బొమ్మ లేచి గంతులేస్తుందట. చూశాను, బాగానే ఉన్నాయి. నేను నేర్చుకున్న రోజుల్లో మాత్రం బొమ్మ ఒక అడుగు వేయాలంటే మా సాయంత్రం అంతా దానికే పోయేది.

నేను పాలమూరు వైపు ఒక బధిరుల పాఠశాలలో డ్రాయింగ్ టీచరుగా చేసి రిటైరైనదాన్ని. పుట్టింది చౌటుప్పల్ దగ్గర నేత కుటుంబంలో. మా నాయిన మగ్గం మీద కూర్చుంటే నేను గళ్ల కాగితం మీద చీర అంచులకు నమూనాలు వేసేదాన్ని. చిలుక వేసినా ఏనుగు వేసినా అది గళ్లలో కదలకుండా నిలబడాలి, అదే నాకు వచ్చిన విద్య. బొమ్మ కదలాలన్న ఆలోచన ఉద్యోగం చివరి దశకు వచ్చాక పుట్టింది. అదీ నాకు పుట్టలేదు, మా కంప్యూటర్ మాస్టారుకు పుట్టింది.

ఆయన మా బడిలోనే చదివి, మా హాస్టల్లోనే పెరిగి, బయట చదువు ముగించుకుని మళ్లీ మా దగ్గరికే పనికి వచ్చిన మనిషి. ఆయనకూ వినపడదు. నాకంటే ఇరవై ఏళ్లు చిన్న. తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు బడికి ఎవరో దాతలు కొన్ని కంప్యూటర్లు, పెన్నుతో గీసే పలక ఒకటి ఇచ్చారు. అందరూ ఆ పలకను చూసి పెట్టెలో పెట్టేశారు. ఆయన దాన్ని తీసుకొచ్చి నా ముందు పెట్టి, చేతులతో అన్నాడు: "మీకు గీయడం వచ్చు. నాకు కంప్యూటర్ వచ్చు. పిల్లలకు కథలు చేద్దాం."

మా పిల్లలకు టీవీలో వచ్చే కార్టూన్లంటే ప్రాణం. కానీ అందులో సగం కథ మాటల్లోనే పోతుంది. చూసి చూసి వాళ్లే తమకు తోచిన కథ అల్లుకునేవాళ్లు. మనమే చేస్తే ఎట్లా ఉంటుందని నాకూ కుతూహలం పుట్టింది. సరేనన్నాను.

మొదట బంతి ఎగరేయమన్నాడు. బంతి నేలకు తగలగానే కొంచెం అణగాలి, పైకి లేస్తూ సాగాలి, పైన కాసేపు ఆగినట్టు ఉండాలి. నాది ఇనుప గుండులా పడేది, బుడగలా లేచేది. ఈ మీట తప్పిందా ఆ మీట తప్పిందా అని నేను కంప్యూటర్ వంక అనుమానంగా చూస్తే, ఆయన జేబులోంచి నిజం బంతి తీసి నా ముందు నేలకేసి కొట్టాడు. "దీన్ని చూడండి. దాన్ని చూడకండి." వరండాలో బంతి కొట్టుకుంటూ కూర్చున్న నన్ను చూసి హెడ్ సార్ ఒకసారి ఆగి, "మేడం, పిల్లల పీరియడా, మీ పీరియడా?" అని అడిగిపోయారు.

తర్వాత మనిషి. పెద్ద తల, గుండ్రటి కళ్లు, చిన్న కాళ్లు. ఎక్కడో చూసి చేతికి మూడు వేళ్లు, ఒక బొటనవేలు పెట్టాను. కార్టూన్లలో అంతే ఉంటాయి, గీయడం తేలిక కూడా. మాస్టారు దాన్ని చూసి నిజంగానే నొచ్చుకున్నాడు. బొమ్మ చేతిని వేలితో చూపించి అడిగాడు: "ఈ వేలు ఎవరు కోసుకుపోయిండ్రు? ఇది మాట్లాడేదెట్లా?" నిజమే. చేతులే నోరైన వాళ్లకు ఒక వేలు తగ్గితే నాలుక తెగినట్టే. ఆ రోజు నుంచి నా బొమ్మలన్నిటికీ అయిదు వేళ్లు.

నడక దగ్గర అసలు పరీక్ష మొదలైంది. నా బొమ్మ కాళ్లు ఆడించేది కానీ ముందుకు మాత్రం మంచు మీద జారినట్టు పోయేది. అందులో బరువు లేదు. సైగలతో చెబితే ఎక్కదనుకున్నాడో ఏమో, మాస్టారు స్టాఫ్ రూంలో అందరి ముందు నా బొమ్మలా నడిచి చూపించాడు. నడుము బిగబట్టి, భుజాలు కదలకుండా, కాళ్లు మాత్రం టకటకా. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. నాకూ నవ్వు ఆగలేదు. ఆ తర్వాత నేను రోడ్డు మీద మనుషుల ముఖాలు చూడటం మానేసి నడుములు, మోకాళ్లు చూడటం మొదలుపెట్టాను. బరువు ఒక కాలి మీదికి వచ్చినప్పుడు ఆ వైపు నడుము కొంచెం పైకి లేస్తుంది, అదే వైపు భుజం దిగుతుంది. బిందె మోసే మనిషి నడక వేరు, బిందె దించి పోతున్న మనిషి నడక వేరు. బస్టాండులో కూర్చుంటే నాకు పుస్తకం అక్కర్లేకపోయేది.

ఇట్లా నేర్చుకుంటూ ఉండగా, దసరా సెలవులు అయిపోయిన ఆదివారం, ఆ పాప వచ్చింది.

ఆత్మకూర్ వైపు ఊరు. ఏడేళ్లుంటాయి. తండ్రి కాలువ కింద వరి వేసే రైతు. తల్లి పురిటికి పుట్టింటికి పోయిందట, ఆయనొక్కడే తీసుకొచ్చాడు. వినపడని పిల్లలకు చేతిభాష పుట్టుకతోనే వస్తుందని చాలామంది అనుకుంటారు. రాదు. అదీ ఒకరు నేర్పితేనే వస్తుంది. ఇంట్లో అందరూ వినేవాళ్లే అయితే తిండి, నీళ్లు, నిద్ర, రా, పో — ఇట్లాంటి నాలుగు సైగలతో బిడ్డ పెరుగుతుంది. ఆ పాపకూ అంతే. 'రేపు' అన్న మాట ఆమె దగ్గర లేదు. 'శనివారం' అసలే లేదు.

శనివారం మా దగ్గర తల్లిదండ్రులు వచ్చి చూసిపోయే రోజు. తండ్రికి ఆ సంగతి చెప్పాం, "తప్పకుండ వస్త సారూ" అన్నాడు. కానీ బిడ్డకు చెప్పేదెవరు? "సూస్తుంటె పోతే ఏడుస్తది, సూడకుంట పోవయ్యా" అని గేటు దగ్గర ఎవరో సలహా ఇచ్చారు. పాప ఊయల వైపు చూస్తున్నప్పుడు ఆయన వెళ్లిపోయాడు. తిరిగి చూస్తే నాయిన లేడు.

అప్పటి నుంచి ఆ పాప గేటుకు వీపు తిప్పలేదు. క్లాసులో కిటికీ పక్కనే నిలబడేది, కూర్చోబెడితే లేచేది. ఏడిస్తే మేం అంత భయపడేవాళ్లం కాదు. కొత్త పిల్లలు ఏడుస్తారు, అలవాటు పడతారు. ఈమె ఏడవలేదు. తినడం మానేసింది.

"బువ్వ ముట్టుతలేదు మేడం," అంది హాస్టల్ ఆయా. "పాలు తాపుదమంటే మూతి బిగబడతది. ముద్ద కలిపి నోటికాడికి తీస్కపోతే నా చెయ్యి దిక్కు గాదు, గేటు దిక్కు సూస్తది."

హెడ్ సార్ నన్నూ మాస్టారునూ పిలిచారు. "ఇంకో రెండు రోజులు సూద్దాం. తినకపోతే ఇంటికి పంపుడే. పిల్ల పానం మీదికి తెచ్చుకుంటమా?" అన్నారు. ఆయన మాట సబబే. కానీ అట్లా పోయిన పిల్లలు మళ్లీ రారని మా అందరికీ తెలుసు. ఇల్లు, పొలం, ఆ నాలుగు సైగలు. అంతటితో ఆమె లోకం మూసుకుపోతుంది.

నేను నాకు చేతనైన పని చేశాను. కాగితం మీద తండ్రి పోతున్న బొమ్మ, పక్కనే తండ్రి వస్తున్న బొమ్మ వేసి చూపించాను. పాప రెండిటినీ మార్చి మార్చి చూసి నావైపు అయోమయంగా చూసింది. ఆమెకు అక్కడ ఇద్దరు మనుషులు కనపడ్డారు. ముందు ఏది, తర్వాత ఏది అన్నది కదలని బొమ్మలో ఎక్కడుంటుంది? మనం ఎడమ నుంచి కుడికి చదువుతాం కాబట్టి మనకు తెలుస్తుంది. చదవడం రాని బిడ్డకు ఎడమైతే ఏమిటి, కుడైతే ఏమిటి?

"కదిలించి చూపిద్దాం," అన్నాడు మాస్టారు.

పగలంతా కంప్యూటర్ గదిలో కూర్చుని కథ ఆలోచించాం. నాయిన పోతాడు, రోజులు గడుస్తాయి, నాయిన వస్తాడు. ఇంతే. కానీ రోజులు గడవడం ఎట్లా చూపాలి? సూర్యుడు లేచి, ఆకాశం దాటి, కొండ వెనక దిగడం గీశాను. నాకు చాలా ముచ్చటేసింది. పాపను పిలిచి ఆ ముక్క చూపిస్తే ఆమె సూర్యుణ్ని చూసి రెండు చేతులు చాపింది, పట్టుకోవడానికి. బంతి అనుకుంది. అన్ని నెలలు బంతి ఎగరేయడం నేర్చుకున్న ఫలితం!

అప్పుడు మాస్టారు తన సంగతి చెప్పాడు. ఆయనతో అన్నేళ్లుగా కలిసి పనిచేస్తున్నా నేను ఎరగని సంగతి అది.

"నన్ను మా బాపు ఇక్కడ విడిచిపెట్టి పోయినప్పుడు, నన్ను అమ్మేసిండనుకున్న. మా దూడను అంగట్ల అమ్మినప్పుడు అట్లనే ఇంకొకరి చేతిల తాడు పెట్టి వచ్చిండు. వెనక్కి చూడలేదు. మళ్ల బాపు వచ్చినప్పుడు గూడ, కొనుక్కోవడానికి వచ్చిండనుకున్న."

ఆయన మళ్లీ చేతులు కదిపాడు. "వారాలు, తారీఖులు నాకు చాన రోజులు తెల్వలేదు. శనివారం అంటే తలకు పోసే దినం. కుంకుడు పులుసు కండ్లల్ల పడి మండుతది. మండిందంటే బాపు వస్తడు. అంతే."

ఇద్దరం ఒకరి మొఖం ఒకరం చూసుకున్నాం. సూర్యుణ్ని చెరిపేశాను.

కొత్త కథలో పాప నిద్రపోతుంది, లేస్తుంది, తింటుంది. మళ్లీ నిద్ర, మళ్లీ తిండి. ప్రతిసారీ జడ ఇంకొంచెం రేగుతుంది. చివరికి ఆయా తలకు పోస్తుంది, పాప కళ్లు గట్టిగా మూసుకుంటుంది. తడి జుట్టుతో బయటికి వస్తే గేటులో నాయిన. మొదట్లో నాయిన వెళ్లేటప్పుడు మాత్రం దొంగచాటుగా వెళ్లడు. పాప ఎదురుగా నిలబడి, చెయ్యి ఊపి, ఆమె చూస్తుండగా వెళ్తాడు.

ఆ నాయినను ఎట్లా గీయాలి? ముఖం నాకు సరిగ్గా గుర్తులేదు. కానీ నడక గుర్తుంది. అప్పటికే నాకు ఆ పిచ్చి పట్టి ఉంది కదా. మా బడి దారి బండి పట్టేంత వెడల్పు సిమెంటు దారి. ఆయన దాని మీద కూడా పొలం గట్టు మీద నడిచినట్టే నడిచాడు, ఒక అడుగు ముందు ఇంకో అడుగు, ఒకే గీత మీద, చేతులు శరీరానికి కొంచెం ఎడంగా. దాన్ని పట్టుకోవడానికి ఎన్నిసార్లు చెరిపానో. మాస్టారు లేచి గట్టు మీద నడిచినట్టు గదిలో అటూ ఇటూ నడిచేవాడు, నేను మోకాలు ఎక్కడ వంగుతుందో చూసి గీసేదాన్ని. మధ్య బొమ్మలు ఆయన నింపాడు. అంతా కలిపితే నిమిషం కూడా లేదు. రంగులు సగమే పడ్డాయి.

గురువారం పాపను తెచ్చాం. ఆయా ఎత్తుకొచ్చింది. అప్పటికి నడిచే ఓపిక తగ్గింది. తెర మీద గుండ్రటి కళ్లమ్మాయిని చూసి ఆమె పెద్దగా పట్టించుకోలేదు. తర్వాత నాయిన బొమ్మ నడుచుకుంటూ వచ్చింది. దానికి ముక్కూ మూతీ కూడా సరిగ్గా లేవు.

పాప ఆయా చంకలోంచి జారి దిగింది. దగ్గరికి వచ్చి తెర మీద చెయ్యి పెట్టింది. ముఖాన్ని కాదు, ఆ కాళ్లను తాకింది.

నాయిన చెయ్యి ఊపి వెళ్లాడు. నిద్ర, తిండి, నిద్ర, తిండి. కుంకుడు పులుసు దగ్గర తన కళ్లు కూడా మూసుకుంది, మళ్లీ భయపడి వెంటనే తెరిచింది. గేటులో నాయిన వచ్చాడు. పాప తెర వెనక్కి పోయి చూసింది. అక్కడ వైర్లున్నాయి. తిరిగి వచ్చి నా వేలు పట్టుకుని, మాస్టారు ఇందాక నొక్కిన మీట మీద పెట్టింది. మళ్లీ చూపించాం. మళ్లీ. మాస్టారు నావైపు చూడకుండా గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

ఆ సాయంత్రం ఆయా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "తిన్నది మేడం! పప్పుతోని తిన్నది. తిని, సెయ్యి కడుక్కోకుంటనే పోయి పండుకుంది. కండ్లు మూసుడు, తెరుసుడు, మళ్ల బువ్వకు తయారు!" తినడం, నిద్రపోవడం అయితేనే నాయిన వస్తాడని ఆ పిల్ల లెక్క. కాలాన్ని తొందరగా నడిపిద్దామని చూసింది.

కథ ఇక్కడితో ఆగితే నేను మీకు పెద్ద విజేతలా కనపడేదాన్ని. శనివారం వచ్చింది.

పొద్దున్నుంచీ వాన. కోతల వేళ కురవాల్సిన వాన కాదది. తలకు పోసే దగ్గర పాప అందరికంటే ముందు కూర్చుంది. కళ్లు మండితే ఏడవకుండా నవ్విందట. తడి జుట్టుతోనే గేటు ఎదురుగా వరండాలో నిలబడింది. ఒక్కొక్క తండ్రీ తల్లీ గొడుగులేసుకుని వచ్చారు. పిల్లలు వాళ్ల మీద పడ్డారు. ఈమె ప్రతి మనిషి కాళ్లనూ చూసి, కాదని, తర్వాతి మనిషి వైపు చూపు తిప్పేది. మధ్యాహ్నం దాటింది. నేను ఫోన్ చేశాను.

"మేడం, వడ్ల కుప్ప రోడ్డు మీదనే ఉన్నది," అన్నాడు తండ్రి. వెనక వాన చప్పుడు. "కొనుగోలు సెంటర్ల ఇంక కాంట గాలే, తూకం వెయ్యలే. వాన దంచుతాంది. తాటిపత్రి పట్టా ఒక్క దిక్కు కప్పితే ఇంకో దిక్కు గాలికి లేస్తాంది. ఇడిసిపెట్టి వస్తే అన్ని మొలకలొస్తయి. రేపు పొద్దుగాల మొదటి బస్సుకు వస్త. జర మా బిడ్డకు చెప్పుండ్రి."

"ఎట్ల చెప్పాలె?" అన్నాను. కోపంతో కాదు, నిజంగానే అడిగాను.

"గదే గదా మేడం," అన్నాడు ఆయన.

ఆ బిడ్డకు మాట ఇచ్చింది తండ్రి కాదు, నా బొమ్మ. కళ్లు మండాక కూడా నాయిన రాకపోతే ఇక ఏ బొమ్మనూ ఆమె నమ్మదు. కంప్యూటర్ గదికి పరుగెత్తాను. వానకు కరెంటు లేదు.

మాస్టారు బల్ల మీద ఉన్న చిత్తు కాగితాలు చిన్నగా చించి, ఒక దొంతి చేసి, ఒక పక్క క్లిప్పు పెట్టి నా చేతికిచ్చాడు. కంప్యూటర్లు రాకముందు బొమ్మల్ని ఇట్లాగే కదిలించేవారు, కాగితాల అంచును బొటనవేలితో గబగబా వదులుతూ. వరండాలో పాప పక్కనే కింద కూర్చుని గీయడం మొదలుపెట్టాను. వడ్ల కుప్ప. వాన గీతలు. గట్టు నడక మనిషి తాటిపత్రి లాగుతాడు. ఇటు కప్పితే అటు లేస్తుంది. అటు ఉరుకుతాడు, ఇటు లేస్తుంది. తొందరలో గీతలు వంకరపోయాయి. అందంగా గీయాలన్న ధ్యాసే లేదు.

పాప మొదట నా చెయ్యి తోసేసింది. మాస్టారు దొంతిని ఆమె కళ్ల ముందు పట్టుకుని కాగితాలు వదిలాడు. మనిషి అటూ ఇటూ ఉరికాడు. ఆమె గేటు వైపు చూసింది, మళ్లీ కాగితాల వైపు చూసింది. ఇంకోసారి వదిలాడు. అప్పుడు ఆమె ఆకాశం వైపు చెయ్యెత్తి, పడుతున్న వానను చూపించింది. తర్వాత రెండు పిడికిళ్లు బిగించి దేన్నో లాగినట్టు చేసింది. ఆ కుప్ప ఆమెకు తెలుసు, ఆ పట్టా తెలుసు. అవి ఆమె ఇంటివి.

అప్పుడు నా చేతిలోని పెన్సిల్ లాక్కుంది. ఒక కాగితం మీద, పట్టా లేస్తున్న రెండో మూల దగ్గర, చిన్న మనిషిని గీసింది. రెండు జడలు. వదిలి చూస్తే ఆ చిన్న మనిషి మెరిసి మాయమైంది. ఆమెకు కోపం వచ్చింది. నన్నెవరు తీసేశారన్నట్టు మా ఇద్దరి వైపూ చూసింది. మాస్టారు ఒక్కొక్క కాగితమే తిప్పి చూపించాడు: ఇక్కడ ఉన్నావు, ఇక్కడ లేవు, ఇక్కడా లేవు. నేను నెలల తరబడి తంటాలు పడి నేర్చుకున్న సంగతి ఆ పిల్లకు అక్కడికక్కడే అర్థమైంది. నాలుక బయట పెట్టి, కాగితం కాగితానికీ తనను గీసుకుంటూ కూర్చుంది. వాన వెలిసిందాకా గీసింది. చివరిసారి వదిలితే పట్టా లేవలేదు. ఇద్దరూ చెరో దిక్కు పట్టుకుని ఉన్నారు.

రాత్రి అన్నం తినే పోయి పడుకుందని ఆయా చెప్పింది.

ఆదివారం పొద్దున మొదటి బస్సుకే ఆయన వచ్చాడు. మోకాళ్ల దాకా బురద, తలలో వరి పొట్టు. పాప దూరం నుంచే కాళ్లు చూసి గుర్తుపట్టి ఉరికింది. ఆయన ఎత్తుకోబోతే విడిపించుకుని, ముందు కాగితాల దొంతి చేతిలో పెట్టింది. ఆయన మొరటు వేళ్లకు కాగితాలు ఒక్కటొక్కటిగా వదలడం రాలేదు. ఆమే వదిలి చూపించింది.

"గీ మనిషి నేనేనా?" అన్నాడు. "మరి గా దిక్కు పట్టుకున్నదెవరు?"

పాపకు మాట వినపడకపోయినా వేలు ఎక్కడ పెట్టాడో చూసింది. తన గుండె మీద చెయ్యి వేసుకుంది.

ఆయన తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. "నిజానికి గా దిక్కు ఎవ్వలు లేకుండిరి మేడం," అన్నాడు. "రాయి పెట్టిన."

తర్వాత ఆయన పోయి మాస్టారికి ఎదురుగా నిలబడి, నాతో అన్నాడు: "మళ్ల వస్త అని చేతులతోని ఎట్ల చెప్పాలె? సారును నాకు గూడ నేర్పుమనుండ్రి." మాస్టారు చూపించాడు. తండ్రి చెయ్యి ముందుకు పోవాల్సింది వెనక్కి పోయింది. 'రేపు వస్త' అనబోయి 'నిన్న వచ్చిన' అన్నాడు. మాస్టారు నవ్వి ఆయన మణికట్టు పట్టుకుని తిప్పాడు. మెట్టు మీద కూర్చున్న పాప ఇద్దరి చేతులనూ చూసి తన చెయ్యి కూడా ఎత్తింది.

ఆ నిమిషం నిడివి బొమ్మల కథను తర్వాత వచ్చిన కొత్త పిల్లలకు చూపిస్తే పనిచేస్తుందనుకున్నాను. పనిచేయలేదు. ఆ నడక వాళ్ల నాయినది కాదు కదా. అందుకని కొత్త పిల్లలు చేరే రోజుల్లో నేను గేటు పక్కన నిలబడి, తెచ్చి దింపేవాళ్ల నడకలు చూసి గీసుకునేదాన్ని. కాలు ఈడ్చే తాత, పోతూ పోతూ రెండుసార్లు ఆగే తల్లి. ఈ మేడం ఎందుకట్లా కాళ్ల వంక చూస్తుందని కొందరు చెప్పుల వైపు చూసుకునేవాళ్లు. దొంగచాటుగా పొమ్మనే సలహా మాత్రం మా గేటు దగ్గర మళ్లీ ఎవరినీ ఇవ్వనియ్యలేదు.

నేను ఉద్యోగం వదిలే ముందటి కోతలప్పుడు కూడా ఒక శనివారం అట్లాగే వాన పట్టింది. నా ఫోన్ మోగింది, వీడియో కాల్. తాటిపత్రి పక్కన తడుస్తూ ఆ పాప నాయిన. నేను అలవాటు కొద్దీ పెన్సిల్ కోసం చూస్తూ, "ఏం చెప్పాలె బిడ్డకు?" అన్నాను.

"మీరొద్దు మేడం," అన్నాడు. "ఫోను దాని చేతికియ్యుండ్రి. నేనే చెప్త."

ఫోన్ ఆమెకిచ్చి పక్కకు తప్పుకున్నాను. తెర అటు తిరిగి ఉంది, ఆయన చేతులు నాకు కనపడలేదు. ఆమె చూసింది, తల ఊపింది, ఒక చేత్తో ఏదో గట్టిగా మందలించింది. ఫోన్ నాకు తిరిగిచ్చి భోజనాల గది వైపు పోయింది. ఏమనుకున్నారో నేను అడగలేదు.